తలకిందులైన కొండ

నల్లమల ఎండ ఎవరినీ ఖాతరు చెయ్యదు. ఆ మధ్యాహ్నం ఖుద్దూస్ మియా కళ్లు మండి, దారి పక్క గుహలోకి దూరి, ద్వారానికి అడ్డంగా తన నల్ల గొంగడి కట్టేశాడు. ఆయన చూపు అసలే మసకబారుతోంది. అది పూర్తిగా పోయేలోపు తమ వంశపు పూర్వీకుడు, కంటి వైద్యుడు హకీం మునవ్వర్ సంగతి తేల్చుకోవాలని ఆయన పంతం.

నవాబుల నాటి కోట ముట్టడిలో కిల్లేదారు, అంటే కోట అధిపతి, నగల పెట్టెతో అడవిలోకి వెళ్లిన హకీం మళ్లీ రాలేదు. దాచమని ఇచ్చారని ఇంటివాళ్లంటారు, ఎత్తుకుపోయాడని ఊరంటుంది. ఇప్పటికీ వాళ్లది "దొంగ హకీం ఇల్లే". ఖుద్దూస్ మియా ఆ మాట విన్నప్పుడల్లా అన్నం మానేసేవాడు.

హకీం అడవి దారిలోంచి శిష్యుడి చేత ఇంటికి పంపిన ఇత్తడి రేకు ఒక్కటే ఆధారం. దాని మీద జంట శిఖరాల కొండను చూపే అలలాంటి గీత, గీతకు పైన ఎడమ కొసన, దాచిన చోటును చూపే చుక్క. అంచున తగిలించుకునే కన్నం ఉంది గనక అదే పైవైపనుకుని, తాతముత్తాతలంతా ఈ గుహ ఎదుటి జంట కొండలో ఎడమ శిఖరాన్ని తవ్విపోశారు. ఎలుకలు తప్ప ఏమీ దొరకలేదు.

"మామూ, గోడ చూడు!" అని అరిచింది మేనకోడలు సబీహా. కర్నూలులో ఫిజిక్స్ పాఠాలు చెప్పే మనిషి, చిన్నపిల్లలా గెంతింది.

గొంగడికి చిమ్మట కొట్టిన చిల్లులోంచి వెలుగు వచ్చి, ఎదుటి గోడ మీద బయటి జంట కొండ తలకిందులుగా వేలాడుతోంది!

"దయ్యమమ్మా!" అన్నాడు దారి చూపే చెంచు కాట్రాజు గురువన్న.

"దయ్యం కాదన్నా. వెయ్యేళ్ల కిందట కైరోలో ఇబ్న్ అల్ హైసమ్ అనే పండితుడు చీకటి గదిలో పరీక్షించింది ఈ వెలుగునే. కంట్లోంచి కిరణాలు పోవు, వస్తువు నుంచే వెలుగు కంట్లోకి వస్తుందని తేల్చాడు. పెద్దలు చెప్పారు కదా అని ఊరుకోలేదు. మామూ, హకీంసాబ్ శిష్యులకు చీకటి గదిలోనే కంటి పాఠం చెప్పేవాడన్నావు కదా? ఆయన గోడ మీది బొమ్మనే గీసుకుని ఉంటే?"

ఖుద్దూస్ మియా రేకును గోడ మీది బొమ్మ పక్కన పెట్టి చూశాడు. గీత సరిగ్గా కుదిరింది, చుక్క ఎడమ కొండ పాదం మీద పడింది. "యా అల్లా! మనం ఇన్నాళ్లూ ఆకాశాన్ని తవ్వామే!"

ఎడమ కొండ పాదాన సన్నని జలపాతం, దాని వెనక మనిషి పట్టే సందు. పాకుతూ లోపలికి వెళ్లారు. టార్చి వెలుగులో కూలిన బండ, దాని కింద ఇరుక్కున్న కాలి ఎముక, గోడకు ఆనుకున్న అస్థిపంజరం కనిపించాయి. పక్కనే కంటి శస్త్రచికిత్స సూదులు, ఒళ్లో పెట్టె. ఖుద్దూస్ మియా పెట్టె మూత తడిమాడు. కిల్లేదారు లక్క ముద్ర ఎక్కడా చెదరలేదు.

"తెరవలేదు బేటీ! కదల్లేక ఇక్కడే చచ్చిపోతూ కూడా తెరవలేదు!" అని ముసలాయన భోరుమన్నాడు.

పైకొండల్లో వాన పడిందేమో, సందులోంచి ఎర్రనీళ్లు చొరబడ్డాయి. "ఏరొస్తా ఉండాది! బయటికి రాండి సామీ!" అని సందు మొదట్లోంచి గురువన్న కేక పెట్టాడు. నీళ్లు మోకాళ్లకెక్కాయి. ఆ సందులోంచి ఒక్క మూటకు మించి పోదు.

సబీహా పెట్టె అందుకుంది. "ఇది చూపిస్తే ఊరి నోరు మూతపడుతుంది మామూ!"

"ఊరి కోసం రాలేదు నేను. నాకు తెలియాలని వచ్చాను. తెలిసింది. ఆయన్ని ఇక్కడ వదల్లేను." ఆయన అప్పటికే భుజాన ఉన్న గొంగడిని బండ మీద పరిచి ఎముకలు ఏరుతున్నాడు. సబీహా పెట్టెను బండ మీద పెట్టేసి, సూదులు కూడా మూటలో వేసింది.

మూటతో ఈదుకుంటూ బయటపడ్డారు. వెనక కొండచరియ విరిగి సందును పూర్తిగా మూసేసింది. ఒడ్డున గురువన్న ఆయాసపడుతూ ఆశగా అడిగాడు: "సాయిబూ, ఆ పెట్టెలో ఏముండాదో చూసినావా?"

"లేదు నాయనా, మాది కాదు కదా," అన్నాడు ఖుద్దూస్ మియా.