ఐదో రాణి గుప్పిట

బొమ్మ మీది గుడ్డ తీసేసరికి, నిన్నటిదాకా బిగించి ఉన్న ఐదో రాణి గుప్పిట విచ్చుకుని ఉంది.

డాక్టరమ్మ చేతిలోని గుడ్డ జారి నేల మీద పడింది.

ఆమె నిజం డాక్టరేమీ కాదు. మ్యూజియంలో పాత రంగుల పటాలు బాగుచేస్తుంది. తెల్లకోటు వేసుకుని, దూది పట్టుకుని తిరుగుతుంది కాబట్టి అందరికీ డాక్టరమ్మ అయింది.

దగ్గరికెళ్ళి భూతద్దం పెట్టి చూసింది. తెరిచి ఉన్న అరచేతిలో సన్నటి పగుళ్ళు. అవి కొత్తగా వేసిన రంగులో వచ్చేవి కావు, మూడు వందల ఏళ్ళ పాతవి. అరచేతి మధ్యలో నాలుగు తెల్లచారలు. అక్కడ రంగే లేదు. కింద నేసిన గుడ్డ పోగులు కనిపిస్తున్నాయి. ఒక్కో చార ఒక వేలంత పొడవుంది.

"గుడ్ మార్నింగ్!" అంటూ కెమెరా స్టాండు ఈడ్చుకుంటూ వచ్చాడు ఫోటోగ్రాఫర్. "ఏమిటండీ, దెయ్యాన్ని చూసినట్టున్నారు?"

"ఏం చేశారు దీన్ని?"

"ఇంకా ఏం చెయ్యలేదండీ. ఇప్పుడేగా వచ్చాను."

"ఈ గదికి రెండే తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి మీ దగ్గర. నిన్న సాయంత్రం ఎన్నింటికి వెళ్ళారు?"

"ఎనిమిదింటికి. మీరెన్నింటికి వెళ్ళారు?"

"ఎనిమిదింటికి."

"మరి నన్నొక్కడినే అడుగుతారేం?" అంటూ బొమ్మ వైపు చూశాడతను. నవ్వు ఆగిపోయింది. "అయ్యబాబోయ్. చెయ్యి తెరిచింది."

ఇంకో తొమ్మిది రోజుల్లో ప్రదర్శన. 'మహారాజు, ఐదుగురు రాణులు' అని పోస్టర్లు కూడా వేసేశారు. మిగతా నలుగురు రాణులూ కింద హాల్లో వరసగా ఉన్నారు. ఐదో రాణిని మాత్రం మసక తీయడానికి పైకి పంపించారు. వచ్చేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం పెట్టింది డాక్టరమ్మ. ఆ బొమ్మకి ఏమైనా జరిగితే పోయేది ఆమె ఉద్యోగమే. ఉద్యోగంతో ఊరుకోరు, మళ్ళీ ఏ మ్యూజియంలోనూ దూది ముట్టుకోనివ్వరు.

"చెప్తే నమ్మరు గానీ," అన్నాడు గార్డు తాత, మెట్ల దగ్గర వాళ్ళిద్దరినీ ఆపి. పొద్దుటి నుంచీ ఆయన గొంతు తగ్గించే మాట్లాడుతున్నాడు. "మహారాజు మొదటి పెళ్ళి సరిహద్దు కోసం. రెండోది గుర్రాల కోసం. మూడోది వాళ్ళమ్మ పోరు పడలేక. నాలుగోది ఆ మూడో ఆవిడ పోరు పడలేక. ఐదో ఆవిడని ఒక్కదాన్నే మనసుపడి చేసుకున్నాడు. ఆవిడేమో ఆయన మొహం చూడలేదు. పెళ్ళిలో చెయ్యిమ్మంటే గుప్పిట బిగించింది. చచ్చేదాకా తెరవలేదు. ఇప్పుడు తెరిచిందంటే..."

"తెరిచిందంటే?"

"ఆయన వస్తున్నాడన్నమాట."

"టిక్కెట్టు కొనుక్కుని రమ్మనండి," అంది డాక్టరమ్మ. అంది గానీ ముంజేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఫోటోగ్రాఫర్ అది చూశాడు. తన స్వెటర్ తీసి అందించాడు. ఆమె తీసుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి బొమ్మ మీద గుడ్డ కప్పేసింది. రోజూ చేసే పనే. పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా రాణి మొహం మీద పడుతుంది. అందుకని మధ్యాహ్నం నుంచి ఫ్రేముల పని చూసుకుని, మర్నాడు పొద్దున్నే గుడ్డ తీస్తుంది.

అంతలో నాన్న క్యారియర్ తెచ్చాడు. ముప్పై ఏళ్ళు ఇదే గదిలో ఇదే పని చేసి రిటైరైన మనిషి. భార్య పోయినప్పటి నుంచి వంట ఆయనదే, మోత కూడా ఆయనదే.

"ఏంటమ్మా, అరుపులు కింద గేటు దాకా వినిపిస్తున్నాయి?"

"చూడండి నాన్నా, ఈయనగారు..."

"చూడండి సార్, మీ అమ్మాయిగారు..."

"ఇద్దరూ క్యాంటీన్‌కి పోయి, నిన్నటిలాగే కాఫీ తాగుతూ అరుచుకోండి. నేనిక్కడ కాసేపు నడుం వాలుస్తాను. వెళ్ళండి, వెళ్ళండి."

క్యాంటీన్ రేకుల మీద వాన దంచి కొడుతోంది. ఒకరి మాట ఒకరికి వినపడాలంటే తలలు దగ్గర పెట్టాల్సి వస్తోంది.

"పైరంగు ఎవరో కరిగించి తీశారు," అంది ఆమె. "చాలా నేర్పుగా తీశారు. కింద ఉన్న అసలు బొమ్మకి గీత కూడా పడలేదు."

"అయితే నేను కాదన్నమాట. నేను యాపిల్ తొక్క తీస్తేనే సగం కాయ పోతుంది."

ఆమెకి నవ్వొచ్చింది. రాకూడని సమయంలో వచ్చినందుకు కోపం కూడా వచ్చింది. "మీరు ఎనిమిదింటి దాకా ఇక్కడేం చేస్తారు? ఫోటోలు ఏడింటికే అయిపోతాయిగా?"

అతను కాఫీ కప్పులోకి చూశాడు. జవాబు చెప్పనివాడి మీద అనుమానం ఎలా పోతుంది?

మర్నాడు పొద్దున గుడ్డ తీస్తే, రాణి పక్కనున్న ఎర్ర తెరలోంచి ఒక మగవాడి చెయ్యి బయటికొచ్చి ఉంది.

మణికట్టు దాకా జరీ అంచు. ఆ తర్వాత చెయ్యి. అది రాణి అరచేతి మీదికి వాలింది. వాలిన చోట వేళ్ళు లేవు. కణుపుల దగ్గర తెగిపోయి, ఆ నాలుగు తెల్లచారల్లో కలిసిపోయాయి. ఎదురుగా నిలబడితే, ఆ చెయ్యి ఇంకా ముందుకు రాబోతున్నట్టే ఉంది.

గార్డు తాత దండం పెట్టుకుని కిందికి దిగిపోయాడు, మళ్ళీ పైకి రాలేదు.

డైరెక్టర్ వచ్చి అయిదు నిమిషాలు నిలబడి చూసింది. "సాయంత్రం అయిదింటికల్లా ఎవరు చేశారో నాకు కాగితం మీద కావాలి," అంది. "లేకపోతే మీ పేరే రాసుకుంటాను. రిజిస్టర్‌లో ఉన్న సంతకం మీదేగా."

డాక్టరమ్మ కాగితం తీసుకుంది. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసింది. రోజూ ఎనిమిదింటి దాకా ఎవరు ఉంటారో రాసింది. అడిగితే చెప్పలేదని కూడా రాసింది. అయినా అతనికి చూపించకుండా ఇవ్వడానికి మనసొప్పలేదు. నాన్న తెచ్చింది తిని, ఇద్దరూ క్యాంటీన్లో కాఫీ తాగి తిరిగొచ్చాక చేతికిచ్చింది.

అతను మొత్తం చదివాడు. తెల్లబోయిన మొహంతోనే, "మీ అక్షరాలు బావుంటాయి," అన్నాడు.

"జోకులొద్దు. ఏమైనా చెప్పుకోవాలంటే ఇప్పుడు చెప్పండి."

"ఎనిమిదింటి దాకా ఎందుకుంటానంటే, మీరు ఉంటారు కాబట్టి. మీరు ఆరింటికి వెళ్తే నేనూ ఆరింటికే వెళ్తాను. మీ బస్సు వచ్చేదాకా ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి, అప్పుడు మా ఇంటికి పోతాను. మా ఇల్లు అటువైపు కూడా కాదు. ఇది కాగితం మీద రాయడానికి బావుండదని చెప్పలేదు. మీకు తప్పదనుకుంటే రాసెయ్యండి."

డాక్టరమ్మ కాగితాన్ని తిరిగి తీసుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక కోటు జేబులో పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఒకమాట అడగనా?" అన్నాడతను. "అందరం రాత్రి రాత్రి అనుకుంటున్నాం. పన్నెండింటికి గుడ్డ కప్పుతారు, మర్నాడు ఏడింటికి తీస్తారు. మధ్యలో ఎప్పుడైనా చూశారా?"

"లేదు."

"ఇప్పుడు చూద్దాం. టైం మూడయింది. మబ్బు పట్టింది, ఎండ భయం కూడా లేదు."

గుడ్డకి ఆ కొస అతను, ఈ కొస ఆమె పట్టుకున్నారు. మెల్లగా పైకెత్తారు.

తెర మొత్తం పక్కకి తొలగిపోయింది. రాణి వెనక చీకట్లో మహారాజు నిలబడి ఉన్నాడు. సగం మొహమే కనిపిస్తోంది. ఒక్క కన్ను సూటిగా వాళ్ళిద్దరినీ చూస్తోంది. ఆ పెదవి మీద నవ్వుంది.

ఆమె చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళి ఫోటోగ్రాఫర్ చొక్కా పట్టుకుంది. అతను కదలలేదు. కదిలితే వదిలేస్తుందేమోనని.

కాసేపటికి దూది తీసుకుని మహారాజు భుజానికి అద్దింది. దూది ఎర్రబడింది.

"తెర రంగు కరిగించిన మందు తడి," అంది. "ఇంకా ఆరలేదు. గంట, గంటన్నర అయుంటుంది అంతే."

"అంటే మనం క్యాంటీన్‌లో ఉన్నప్పుడు..." అని ఆగిపోయాడతను.

తర్వాతి మాట ఆమెకి అక్కర్లేదు. ఈ రంగు ఏ మందుకి కరుగుతుందో, ఎంతసేపటికి కరుగుతుందో, కింద గీత పడకుండా ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి ఒక్కరే. రంగు కలిపినవాడికే ఇంత బాగా తెలుస్తుంది.

నాన్న కింద హాల్లో ఉన్నాడు. వాన తగ్గాక వెళ్దామని నలుగురు రాణుల ఎదుట బల్ల మీద కూర్చున్నాడు. ఖాళీ క్యారియర్ పక్కనే ఉంది. కూతురూ, ఆమె వెనక ఫోటోగ్రాఫరూ మెట్లు దిగి రావడం చూశాడు. ఆమె చేతిలో ఎర్రటి దూది, కోటు జేబులోంచి తొంగిచూస్తున్న కాగితం చూశాడు. జరిగి, పక్కన చోటిచ్చాడు.

"నాన్నా..."

"కాగితం ఉందా?" అన్నాడు. "కొత్తది తియ్యి. ఆ జేబులోది చింపెయ్. నేను చెప్తాను, నువ్వు రాయి. బాబూ, నువ్వూ కూర్చో. సాక్షి కావాలి కదా.

"రాయి. ఆ గుప్పిట నేను వేసిందే. ముప్పై ఎనిమిదేళ్ళయింది. గోదాములోంచి ఆ బొమ్మ వచ్చినప్పుడు మసి పట్టి నల్లగా ఉండేది, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. తుడవమని నాకిచ్చారు. నాలుగు రోజులు తుడిస్తే రాణి వచ్చింది, ఆవిడ చేతిలో చెయ్యేసి రాజు వచ్చాడు. ఆ వేళ్ళ మీద మసి మొండిగా ఉంది. మందు గట్టిగా తడిపి, దూది నాలుగు వేళ్ళ మీదా పరిచాను. దాన్ని లెక్కగా నిమిషం ఉంచాలి, తీసెయ్యాలి. అప్పుడే గేటు దగ్గర ఎవరో వచ్చారన్నారు. వెళ్ళి చూస్తే మీ అమ్మ. వాళ్ళింట్లో మా పెళ్ళికి ఒప్పుకున్నారని చెప్పడానికి పరిగెత్తుకుంటూ వచ్చింది, చెప్పులు కూడా రెండు రకాలవి. ఇరవై నిమిషాలు మాట్లాడాను. దూది సంగతే గుర్తు లేదు. తిరిగొచ్చి దూది ఎత్తితే, మహారాజు వేళ్ళు దాంతోపాటు వచ్చేశాయి.

"ఉద్యోగం పోతే పెళ్ళి పోతుంది. భయపడ్డాను. వేళ్ళు లేని రాజుని ఎవరికి చూపిస్తాను? తెర దించేశాను. రాణి చెయ్యి ఖాళీగా ఉంటే అనుమానం వస్తుందని గుప్పిట మూసేశాను. బొమ్మ గోడకెక్కిన రోజే అప్పటి గైడు కథ అల్లాడు. రాజు మొహం చూడని రాణి అన్నాడు. నేను అక్కడే నిలబడి తల ఊపాను. ఇప్పుడు పుస్తకాల్లో కూడా అదే రాస్తున్నారు. మీ అమ్మ వచ్చినప్పుడల్లా అడిగేది, ఈవిడకి మొగుడంటే అంత అసహ్యం ఎందుకండీ అని. పోయేదాకా చెప్పలేకపోయాను.

"నీ ఊదా దీపం రిపేరు నుంచి ఎల్లుండి వస్తుందన్నావు. ఆ వెలుగులో పెడితే నా రంగు నల్లగా కనిపించిపోతుంది. రిజిస్టర్‌లో పాత సంతకం నాది. నీ రిపోర్ట్‌లో నీ చేత్తో నా పేరు రాయాలి. ఆ పని నీకు లేకుండా, నా రంగు నేనే తీసేద్దామనుకున్నాను. మందూ దూదీ క్యారియర్ కింది గిన్నెలో తెచ్చాను. నేరం నీ మీదికి వస్తుందని ఆలోచించలేదు చూడు, ముసలి బుర్ర. ఆ వేళ్ళు నేను మళ్ళీ వెయ్యను, నువ్వూ వెయ్యకు. పోయినవి పోయినట్టే ఉండనీ, కింద నా పేరుతో చీటీ పెట్టండి.

"ఇంకో సంగతి, ఇది కూడా రాయి. నాకు రోజుకి ఇరవై నిమిషాలు కావాలి. మీరిద్దరూ క్యాంటీన్‌కి పోతే గంట దాకా వచ్చేవాళ్ళు కాదు. అరుపులు కిటికీలోంచి వింటూనే పని చేసుకున్నాను. మొదటి రోజు అరుపులే. నిన్న వానలో తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకోవడం కూడా కనిపించింది. ఈ అబ్బాయికి ఆ బొమ్మ సంగతి ఏ పాపమూ తెలియదు, మా అమ్మాయంటే ఇష్టం తప్ప. అందులో నాకు అభ్యంతరం లేదని రాసి ఇటివ్వు, సంతకం పెడతాను."