మొదటి జాడింపు నీళ్ళు

సోమవారం పొద్దున్నే బాత్రూం తలుపు మళ్ళీ మూసి ఉంది. లోపల చంద్రకాంతమ్మ, చర్చిలో బలిపీఠం మీద పరిచే తెల్లగుడ్డలు జాడిస్తోంది. బయట కోడలు జయంతికి ఆఫీసు బస్సు టైమైపోతోంది.

"అత్తా, మిషన్ ఉండాది గదా! దాంట్లో వేస్తే నీదేం పోతాది?"

"మొదట చేత్తో జాడించాల, మే. ఆ నీళ్ళు మన్నులోనే పొయ్యాల. ప్రభువు రొట్టె నలుసులు, ద్రాక్షరసం అంటుంటాయి. మురిక్కాలవలో పోస్తామా?"

మన్నెక్కడుంది? చిత్తూరులో వాళ్ళది రెండో అంతస్తు బాడుగిల్లు. మన్నంటే గేటు పక్కన కరివేపాకు చెట్టు కింద మూరెడు జాగా. వాచిన మోకాళ్ళతో బక్కెట్టు మోసుకుంటూ ఆమె అక్కడికే దిగుతుంది. పోయిన వారం జారిపడింది, మోచెయ్యి ఇంకా కమిలే ఉంది. కొడుకు రవిచంద్ర మాత్రం సోఫాలో ఫోను చూస్తున్నాడు.

తలుపు తెరుచుకోగానే జయంతి బక్కెట్టు లాక్కుంది.

"ఈసారి పడితే లెయ్యవు. ఈ గుడ్డలు ఇంకెవురికన్నా ఇమ్మని ఫాదర్‌తో చెప్పేస్తా."

ముసలామె ముఖం పాలిపోయింది. "చెప్పొద్దే. పాడేదానికి గొంతు పాయె, మోకరించేదానికి కాళ్ళు పాయె. ఇదీ పోతే చర్చిలో నాదంటూ ఏముంటాది?"

జయంతి కోపం దారి మళ్ళింది. "అయితే నీ కొడుకు మొయ్యడేం? చేతులు పడిపోయినాయా?"

"మగోడు తాకగూడదే. మా అత్త కాలం నుంచీ అంతే."

"ఆ గుడ్డల మీద రొట్టె పెట్టే ఫాదర్ ఏం, ఆడదా?"

చంద్రకాంతమ్మ ఇన్నేళ్ళు మెట్లు దిగింది గానీ ఈ మాట ఒక్కసారీ తట్టలేదు. మగవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టింది దేవుడు కాదు. అత్త, ఆ తర్వాత తాను.

"రేయ్ రవీ! ఫోను ఆడ పెట్టి బక్కెట్టెత్తు."

"నేనా? కిందింటోళ్ళు సూస్తే?"

"సూడనీ. ఫో!"

అతను గొణుక్కుంటూ దిగాడు. రెండో మెట్టుకే నీళ్ళు తొణికాయి.

"ఒలకబోయొద్దు!" అత్తాకోడళ్ళు ఒక్క గొంతుతో అరిచారు. ఆ అరుపుకి చంద్రకాంతమ్మకే నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళనీళ్ళు కారిపోయాయి. పైటకొంగుతో తుడుచుకుంది.

"నీ బస్సు పాయె గదే."

"ఇంకోటి వస్తాది లే. గుడ్డలు ఇప్పుడు మిషన్లో వేసేదా?"

"ఎయ్యి. నీ ఎర్ర చీరతో కలిపినావంటే మాత్రం సంపుతా."