మిల్లు వంతెన మీద తెల్లటిది

డ్రమ్‌షీల్ ఊళ్ళో మిల్లు వంతెనని ఏడాదంతా ఎవరూ లెక్కచెయ్యరు. పాల లారీలు పోతాయి, గొర్రెల మందలు పోతాయి. కానీ హాలోవీన్ రాత్రి మాత్రం ఎంతటి మొనగాడైనా ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి బండి నెమ్మది చేస్తాడు. ఎందుకంటే ఆ ఒక్క రాత్రీ అక్కడ తెల్లటిది నిలబడుతుంది.

దానికి మొహం ఉండదు. కాళ్ళు కనపడవు. మలుపు తిరగ్గానే లైట్ల వెలుగులో, రోడ్డు నడిమధ్యన... చెయ్యొకటి పైకి లేస్తుంది. బండి ఆగిందా — మెల్లగా పిట్టగోడ పక్కకి జరిగిపోతుంది. ఆగకపోతే ఏమవుతుందో చెప్పేవాడు లేడు. ఆగనివాడంటూ ఇంతవరకూ లేడు మరి.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఎవరో దుప్పటి ఆరేసుకుని మర్చిపోయుంటారు" అనేవాడు కొట్టు జార్లథ్.

"అయితే రేపు రాత్రి వెళ్ళి తెచ్చుకోరాదూ, నీ మంచానికి పనికొస్తుంది" అనేది ఉత్తరాలు పంచే నోరా.

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. జార్లథ్ కూడా నవ్వేవాడు. కానీ ఆ రాత్రి అతను గడప దాటిన పాపాన పోలేదు.

నవ్వనివాడు ఒక్కడే. మాలకీ. పొడుగాటి మనిషి. గుడ్లూ రొట్టే సంచిలో వేసుకుని, తల దించుకుని వెళ్ళిపోయేవాడు. అప్పుడు నవ్వులు వాటంతటవే ఆగిపోయేవి.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మాలకీ రొట్టెల వ్యాను నడిపేవాడు. ఒక హాలోవీన్ నాడు, చీకటిపడ్డాక, చివరి కొట్టుకి రొట్టెలు దించి ఇంటికొస్తున్నాడు. వంతెనకి ఇవతల ఇళ్ళు, అవతల ఊరి హాలు. పిల్లలు వేషాలు వేసుకుని, గడపగడపకీ తిరిగి, వేరుశెనక్కాయలూ ఆపిల్ పళ్ళూ సంచుల్లో నింపుకుని హాలుకి పోవాలన్నా, తిరిగి ఇళ్ళకి రావాలన్నా ఆ వంతెన దాటాల్సిందే. దీపం లేదు. నడిచే దారి విడిగా లేదు. డింప్నా కొడుకు ఫింటన్, ఎనిమిదేళ్ళవాడు, మిగతా పిల్లలకంటే వెనకబడి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు... వాడు హాలుకి చేరనేలేదు.

తాగి నడిపాడా అంటే లేదు. దూకుడుగా వచ్చాడా అంటే అదీ లేదు. పిల్లాడు కనపడలేదన్నాడు. పోలీసులూ అదే రాసుకున్నారు. ఊళ్ళో ఎవరూ అతన్ని పల్లెత్తు మాటనలేదు.

కానీ ఒక్క మాట మాలకీ దాచుకున్నాడు. పోలీసులకి చెప్పలేదు. చర్చిలో మోకాళ్ళమీద కూచుని కూడా చెప్పలేదు. భార్య పోయేటప్పుడు చెయ్యి పట్టుకుని చెబుదామనుకున్నాడు... అప్పుడూ చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత వ్యాను అమ్మేశాడు. ప్రతి హాలోవీన్‌కీ తెరలు లాగేసి, దీపం ఆర్పేసి, వంటింట్లో గోడకానుకుని కూచునేవాడు. గుమ్మంలో దీపం లేని ఇంటికి పిల్లలు రారు కదా.

ఈసారీ అలాగే కూచున్నాడు. ఏడు గంటలవుతుండగా ఫోను మోగింది.

కూతురు ఓర్లా. పట్నంలో ఆసుపత్రిలో నర్సు.

"నాన్నా, సైవ్‌కి ఒళ్ళు కాలిపోతోందిట. ఊరి హాల్లో బల్లమీద పడుకోబెట్టారు. తీసుకెళ్ళినావిడ కారు మొరాయించిందిట. నేను డ్యూటీ వదిలి రాలేను... నువ్వెళ్ళాలి."

"ఇవాళా?"

"నాకు తెలుసు నాన్నా. తెలిసే అడుగుతున్నా."

సైవ్ ఆరేళ్ళది. ఈ లోకంలో మాలకీకి ఉన్న మనవరాలు అదొక్కతే. హాలుకి ఇంకో దారి లేదు.

కారు తీశాడు. నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా పోనిచ్చాడు. కిటికీ దించాడు — ఏ అలికిడైనా వినపడాలని. పొగమంచు లోపలికొచ్చి మొహాన్ని తడిపేసింది. కింద ఏటి చప్పుడు.

మలుపు తిరిగాడు...

ఉంది.

రోడ్డు మధ్యన. తెల్లగా. పొగమంచులోంచి మంచే లేచి నిలబడ్డట్టు.

చెయ్యి పైకి లేచింది.

కారు ఆగింది. తనే ఆపాడో, అదే ఆగిందో అతనికి తెలీలేదు. పారిపోవాలనిపించలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ రాత్రి ఇల్లు కదలనిది ఇందుకే కదా... ఇదెదురుపడుతుందనే కదా.

"వచ్చావా, ఫింటన్..." అనుకున్నాడు.

తెల్లటిది కదల్లేదు.

అప్పుడు... దాని వెనకనించి... అడుగులు.

చిన్న చిన్న అడుగులు. కిసుకిసుమని నవ్వు. ఎవరో "ష్ష్..." అన్నారు. కోసుగా ఉన్న టోపీ పెట్టుకున్న మంత్రగత్తె ఒకతి పిట్టగోడ పక్కనించి ఇవతలికొచ్చింది. దాని వెనక ఎముకల గూడు. దాని వెనక, మొహానికి పిల్లి బొమ్మ కట్టుకున్నవాడు. తెల్లదాన్ని చూసి వణికిపోతూ, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకుని గబగబా కారు దాటిపోయారు.

అందరి వెనకా ఇంకొకడు. నిలువెల్లా నల్ల ముసుగు. అద్దానికి జానెడు దూరంలోకి వచ్చేదాకా వాడొకడున్నాడనే మాలకీకి తెలీలేదు.

వాడూ దాటిపోయాడు. అడుగులు దూరమయ్యాయి.

తెల్లటిది చెయ్యి దించింది. కారు దగ్గరికి నడిచొచ్చింది. ఒక్కో అడుగే... కిటికీ పక్కకి. వంగింది.

"లైట్లు కిందికి కొట్టవయ్యా, కళ్ళు పోతున్నాయి."

దుప్పటి పైకెత్తింది. లోపల ముడతలుపడ్డ మొహం. మంచుకి మసకబారిన కళ్ళజోడు. దాన్ని తీసి దుప్పటి చెంగుతోనే తుడుచుకుంటోంది.

డింప్నా.

ఫింటన్ తల్లి కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూసింది. కిటికీ మీద వేసిన చెయ్యి తీసేసింది.

ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉంటారు. ఒకే చర్చికి పోతారు — ఆవిడ కుడివైపు, అతను ఎడమవైపు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మాట లేదు.

"నువ్వా" అంది.

"మనవరాలికి జ్వరం. హాల్లో ఉంది. లేకపోతే వచ్చేవాణ్ణి కాదు."

"తెలుసు. ఇన్నేళ్ళలో ఈ రాత్రి ఇటు రానిది నీ బండొక్కటే."

"ప్రతి ఏడూ... నువ్వేనా?"

"దీపం పెట్టమని అర్జీ ఇచ్చా. చూస్తామన్నారు. నడిచే దారి వెయ్యమన్నా. దానికీ చూస్తామన్నారు. మొదటేడు మెరిసే పచ్చ కోటు తొడుక్కుని, బ్యాటరీ లైటు పట్టుకుని నిలబడ్డా. హారన్లు కొట్టారు. ఇంటికి పోవే పిచ్చిదానా అన్నారు. ఒకడైతే నన్ను రాసుకుంటూ పోయాడు." గుక్క తిప్పుకుంది. "మనిషి చెయ్యెత్తితే ఎవరాగుతారు? ఇది కప్పుకున్న ఏడు... అందరూ ఆగారు."

మాలకీ లైట్లు కిందికి దించాడు.

"మావాడడిగింది ఈ దుప్పటే" అంది డింప్నా, దాన్నే చూస్తూ. "దెయ్యం వేషం వేస్తానమ్మా, కళ్ళకి రెండు కన్నాలు పెట్టివ్వమన్నాడు. కొత్త దుప్పటి పాడవుతుందని నేనే ఒప్పుకోలేదు. నల్ల చెత్తసంచి తీసి, తలకీ చేతులకీ కత్తిరించి తొడిగా. నల్ల సంచి, నల్ల రోడ్డు, నల్లటి రాత్రి. ఎవరికి కనపడతాడు? నీకు కనపడలేదు. అందుకే నీ మీద నాకు కోపం రాలేదెప్పుడూ. పంపింది నేను కదా."

ఏరు కింద పారుతూనే ఉంది.

ఇప్పుడు ఊరుకుంటే సరిపోతుంది. ఆవిడ కోపం లేదనేసింది. తల ఊపి, బండి పోనిచ్చుకుంటే చాలు... మాలకీ స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు.

"కనపడ్డాడు."

డింప్నా తలెత్తింది.

"నల్లగా ఏదో రోడ్డుకడ్డంగా కదిలింది. చూశాను డింప్నా. గాలికి కొట్టుకొచ్చిన చెత్తసంచి అనుకున్నా. బ్రేకు మీద కాలు పెట్టి కూడా..." కాలి వంక చూసుకున్నాడు. "సంచే కదా అని తీసేశా."

ఆవిడ తిట్టలేదు. ఏడవలేదు. దుప్పటి అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది.

వంతెన అవతల మళ్ళీ అలికిడైంది. ఇంకో గుంపు.

డింప్నా దుప్పటి మొహం మీదికి లాక్కుంది. "లైట్లు ఆర్పకు. కదలకు" అని గుసగుసగా చెప్పి రోడ్డు మధ్యకి పోయింది. చెయ్యెత్తింది.

పిల్లలు దాటిపోయారు. ఆవిడ పిట్టగోడ పక్కకి జరిగింది.

కారు ఆవిడ పక్కగా వెళ్తున్నప్పుడు, దుప్పటి లోపలినించి గొంతు వినపడింది. క్షమించానని చెప్పే గొంతు కాదది. నిందించే గొంతూ కాదు. బాగా అలిసిపోయిన గొంతు.

"పిల్లని తీసుకుని తిరిగొచ్చేటప్పుడు అటు చివర చూసుకో. అటూ మలుపే. నేనొక్కదాన్ని... రెండువైపులా నిలబడలేను."

సైవ్ జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. చర్చిలో వాళ్ళిద్దరూ ఆ తర్వాత కూడా చెరో వైపే కూచున్నారు. మాటలు కలిసినట్టు ఎవరూ చూళ్ళేదు.

మరుసటేడు హాలోవీన్ నాడు పశువుల మేత తోలే లారీవాడొకడు, పొరుగూరివాడు, జార్లథ్ కొట్టు తలుపులు బాదాడు. మొహంలో రక్తం లేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"మీ వంతెన మీద ఒకటే అన్నారుగా... రెండున్నాయి."

"ఏమిటీ?"

"ఇటు చివర ఒకటి చెయ్యెత్తింది. ఆగా. పిల్లలు పోయాక అదే తప్పుకుంది. హమ్మయ్య అనుకుని వంతెన దాటితే... అటు చివర ఇంకోటి. పొడుగాటిది. చెయ్యెత్తడం కాదు — రెండు చేతులూ బారచాపి రోడ్డుకడ్డంగా నిలబడింది. దాని వెనక బోలెడుమంది పిల్లలున్నారు కాబోలనుకున్నా. లారీ ఆపేశా. ఇంజను కూడా ఆపేశా."

జార్లథ్ గ్లాసులో ఏదో పోసి అతని చేతిలో పెట్టాడు. లారీవాడు తాగలేదు.

"ఆపినా అది చేతులు దించదే! భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దెయ్యం ఏడవడం నేనెప్పుడూ వినలేదండీ... ఎంతసేపటికీ దించదు. సరే, పిల్లలు దాటాక దించుతుందిలే అని, దిగి దాని వెనక్కి చూశా..."

అతను జార్లథ్ వంక చూశాడు.

"ఒక్క పిల్లాడు కూడా లేడు. ఖాళీ రోడ్డు."