దొరగారి ప్రాణబిళ్ళ

ఆ పూట దాలినాయుడి చేతిలో ఉన్నవి ఒక ముంగిసబొమ్మ, మూడు గిన్నెలు, ఓడ వచ్చేలోపు దొరికే కాస్త వ్యవధి. భీమిలి రేవు నిరీక్షణశాలలో బల్లబల్లకూ వెళ్ళి గారడీ చేయడం అతని పని.

ముంగిస పేరు దొరగారు. అది బల్ల మీద తనంతట తానే నడిచి, గిన్నె కింది గోళీని వాసన పట్టి, తల ఎగరేసింది. దాని ఒంటిచుట్టూ ఊపిరిగీత పచ్చగా మెరిసింది. ప్రయాణికుల కళ్ళకున్న తేటపొర ప్రాణమున్నవాటికి తప్ప ఆ గీత గీయదు. పొరలు వచ్చిన కొత్తలో బొమ్మ ఉత్త బొమ్మగా తేలిపోయి అతని ఆట పడిపోయింది. అప్పుడు బేరమాడాడు. తన మణికట్టు నేర్చిన కదలికలన్నీ, ఇక తన చేతికి మిగలకుండా, ప్రాణబిళ్ళలు చేసేవాళ్ళ యంత్రానికి ఇచ్చేసి, ఒక బిళ్ళ పుచ్చుకున్నాడు. అది బొమ్మ పొట్టలో ఉన్నంతకాలం దొరగారు జంతువే, ఆడించే చెయ్యి అక్కర్లేదు. మంచి బేరమనుకున్నాడు.

మూలబల్ల దగ్గర పైడమ్మ తల వంచుకుని తింటోంది. సముద్రంలో పాచి పెంచే మళ్ళలో కూలీ. ఒకప్పుడు దొరగారి ఆట చూడనిదే ఓడ ఎక్కేది కాదు.

"ఏటప్పా, దొరగార్ని సూడవా? కోపమొస్తాది ఆయనకి."

"నువ్వు సూత్తన్నావేటి?"

"నేనా?"

"ఇదివరకు గోళీ పోతే నువ్వూ ఆయనా మొకమొకాలు సూసుకునీవోరు. నిజంగా తిట్టీవోడివి. ఇప్పుడు దాన్ని బల్ల మీద ఒగ్గీసి, పక్క బల్లలోలు సూత్తన్నారో లేదోనని ఎతుక్కుంటన్నావు. నువ్వే సూడందాన్ని మేమేటి సూత్తాం, నాయుడూ?"

ఆడించేవాడి చూపు ఎటుపోతే జనం చూపూ అటే పోతుంది. గారడీలో అతను నేర్చిన మొదటి సంగతి అదే. బిళ్ళ వచ్చాక చూపు కూడా అక్కర్లేదనుకున్నాడు.

బిళ్ళ తీస్తే శాలలో ఆడే అనుమతి పోతుంది. తెలిసే, దొరగారి పొట్ట కుట్టు తెంపి దాన్ని లాగేశాడు.

పచ్చగీత ఆరిపోయింది. శాలలో ఏ ప్రాణం పోయినా మోగే చావుగంట మోగింది. తలుపులు మూసుకున్నాయి, రేవులోకి వస్తున్న ఓడ ఆగిపోయింది.

"ప్రాణహాని నమోదైంది. కళేబరం చూపండి," అంది స్తంభంలోని గొంతు.

జనం బల్లల కింద వెతికారు. దాలినాయుడు బొమ్మలో చెయ్యి దూర్చి పైకెత్తి, దాని గాజుకళ్ళలోకే చూశాడు.

"దొరగారూ, మిమ్మల్నే అడుగుతన్నారు. సచ్చిపోనారా?"

వేళ్ళు బిగుసుకుపోయాయి. బొమ్మ తల అలిగినట్టు ఒక పక్కకు ఒరిగింది, తోక పైకి లేవనేలేదు. పైడమ్మ తన తేటపొర ఒలిచేసింది.

"సచ్చినోడికి ఇంత నిక్కేటర్రా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి పక్క బల్లల్లో మరికొందరు పొరలు తీశారు.

"అనుమతి రద్దయింది," అంది స్తంభం.

తలుపులు తెరుచుకునేసరికి దాలినాయుడికి శాల పోయింది, బిళ్ళ పోయింది. అమ్మేసిన మణికట్టు మాత్రం తిరిగి రాలేదు. చేతికి వచ్చింది ఏ పొరా లేని కళ్ళతో తన బొమ్మను చూసిన నలుగురు. వాళ్ళలో ఇద్దరు జాలిపడి చూశారు. వాళ్ళనీ లెక్కలో కలుపుకున్నాడు.