ముందు ఎవరు మొక్కారు?

ఏకాదశి ఉదయపు ఆటకు ఆదోని థియేటర్ నిండిపోయింది. జాహ్నవమ్మ మణికట్టుకు నాడి చూసే నాడీపట్టీ బిగించుకుని, కళ్ళకు స్వదర్శిని అద్దాలు పెట్టుకోబోతూ పక్క సీటు వైపు చూసింది. అక్కడ కూర్చున్నది ఆమె చెల్లెలు మోక్షిత.

ఇద్దరికీ మాటల్లేక ఎనిమిదేళ్ళు. చివరి రోజుల్లో అమ్మను ఆసుపత్రిలోనే ఉంచుదామని అక్క, ఇంటికి తెచ్చుకుందామని చెల్లెలు పట్టుబట్టారు. అక్క మాటే చెల్లింది. అమ్మ ఆసుపత్రిలోనే కన్నుమూసింది.

అయినా ఇద్దరిలో ఎవరూ లేచిపోలేదు. ఆ రోజు ఆడుతున్న చెన్నదాసు, తిమ్మదాసుల కథంటే అమ్మకు ప్రాణం.

దీపాలు ఆరాయి. అందరూ కలిసి చూసే తెర అప్పటికి ఎక్కడా మిగల్లేదు. నాడి కొట్టుకునే తీరు కనిపెట్టి, ఎవరి మనసుకు హాయినిచ్చే కథను వారి కళ్ళ ముందే స్వదర్శిని అల్లిపెట్టేది. వార్తలూ అంతే, బడిపాఠాలూ అంతే. చూసినదాన్ని పక్కవాళ్ళతో చెప్పుకునే అలవాటు పోయింది. వాదులాటలు తగ్గాయని జనం సంతోషించారు కూడా.

భక్తులైన ఆ అన్నదమ్ములు, స్వామిని గుడిలో నిలపాలా, ఊరూరా మోసుకు తిరగాలా అని తగవుపడి విడిపోయారు. పన్నెండేళ్ళకు తుంగభద్ర ఒడ్డున ఎదురుపడ్డారు. తమ్ముడు తిమ్మదాసు పరుగున వచ్చి అన్న కాళ్ళ మీద పడ్డాడు. జాహ్నవమ్మ గుండె తేలికపడింది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఉండబట్టలేక అనేసింది.

"చూసినావు కదా. తమ్ముడే వచ్చి మొక్కినాడు. చిన్నోళ్ళకు ఆ మాత్రం ఉండాల."

మోక్షిత తెల్లబోయింది. "ఏం చూసినావక్కా నువ్వు? మొక్కింది అన్న. తప్పంతా నాదేరా అని తమ్ముని ముందర ఏడ్చినాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెల్లెలు తనను ఎప్పుడో మరిచిపోయిందనే జాహ్నవమ్మ ఇన్నాళ్ళూ నమ్మింది. ఎవరి మనసు కోరేది వారికి చూపించే యంత్రం అబద్ధం చెప్పదు. అక్కే ముందు వస్తుందని మోక్షిత కూడా ఎదురుచూస్తూనే ఉంది.

"అమ్మ ఆఖరి రోజు ఇంటికి తీసకపొమ్మని నన్నడిగింది" అంది జాహ్నవమ్మ నెమ్మదిగా. "నేను వినలే. నీకు చెప్పనూ లేదు."

రెండో ఆటకు గంట మోగింది. జనం వాళ్ళ పక్కనుంచి తప్పుకుంటూ లోపలికి పోతున్నారు.

"అమ్మ నా చేతుల్లో పోయింటే తట్టుకుంటింటినో లేదో, నాకూ తెలీదక్కా" అంది మోక్షిత. కొంగుతో మెట్టు తుడిచి, అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు చూసిన సినిమా నేను చూడలే. మొదట్నుంచి చెప్పు."

జాహ్నవమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. లోపలికి పోతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి, వినడానికి కింది మెట్టు మీద కూర్చున్నారు.