కళ్ళు పెట్టని బొమ్మలు

కళ్ళు నేను పెట్టలేదు మేడంగారూ. మీరు ఫోన్లో అడిగింది అదేగా? ఆ మూడు బొమ్మల్నీ మొహం లేకుండానే ఇచ్చాను, పటమటలో మీరు పిల్లలకి ఆటలతో వైద్యం చేసే గదికి. మొహం లేకపోతే పిల్లలే నవ్వో ఏడుపో ఊహించుకుంటారు, అన్నారు మీరు. కొండపల్లిలో పుట్టినదాన్ని, కళ్ళు లేని బొమ్మని గడప దాటించడానికి నాకు మనసొప్పలా. మనవరాలు చిన్ని కోసం చేశాను. పొణికి కర్రతో అమ్మబొమ్మ, నాన్నబొమ్మ, పిల్లబొమ్మ.

మా ఇంట్లో కళ్ళు పెట్టేది మా అమ్మాయి సుస్మితే. కొసని చెవి వైపుకి సాగదీసేది. ఆ గీత మా వీధిలో ఇంకెవరి చేతికీ రాదు. మా సుస్మిత కాలవలో మునిగి చనిపోయింది గదా. జారిపడిందని మొగుడు లక్ష్మీకాంత్ అందరికీ చెప్పాడు. పక్కనే ఉన్న చిన్ని మాత్రం ఆ రోజు నుంచి నోరు విప్పలా.

మీరేమో ఏమీ అడగొద్దు, ఆడుకోనివ్వండి, అదే చెబుద్ది అన్నారు. మీరూ కింద కూర్చుని, నెత్తిన కాగితం కిరీటం పెట్టుకుని, పులిలా గాండ్రించి, ఇప్పుడు నీ వంతు అనేవాళ్ళు. చిన్ని నవ్వేది, చప్పుడు లేకుండా. ఒకరోజు ఇసకతొట్టిలో నీళ్ళు పోసింది. నాన్నబొమ్మ చేత్తో అమ్మబొమ్మ తల నొక్కి ముంచింది. మీరు నా వంక చూశారు. నాకు అల్లుడి మీద ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత అమ్మబొమ్మ పైకొచ్చి నాన్నబొమ్మని లాక్కుపోయింది. ఆఖర్న పిల్లబొమ్మ కూడా వెళ్ళి అమ్మ పక్కన పడుకుంది. అది బెంగ అనుకున్నాం ఇద్దరం.

ఆ రోజు చిన్ని బొమ్మల్ని వదలకపోతే మీరే ఇంటికి తీసుకుపోనిచ్చారు. మీరు పోలీసులకి చెబుతానన్న సంగతి అల్లుడికెలా తెలిసిందో, సాయంత్రానికల్లా దిగాడు. నా పిల్ల నా ఇష్టం, తెల్లారి తీసుకుపోతా అన్నాడు. బొమ్మలాటలతో దాన్ని పిచ్చిదాన్ని చేస్తున్నారు అత్తయ్యా, అని నవ్వాడు కూడా. వాడికి అన్నం పెట్టాను. ముందు గదిలో పడుకున్నాడు.

నడిరేయి కరెంటు పోయింది. ఉక్క. ఇంట్లో ఎప్పుడూ ఉండే చెక్కపొట్టు వాసన, రంగుల వాసన. వాటితో ఇంకోటి... కాలవ బురద. కుళ్ళిన గుర్రపుడెక్క. పక్కన చాప తడిమాను.

చిన్ని లేదు.

పెరట్లో నీళ్ళ చప్పుడు. తపక్... తపక్...

పెరటి తలుపు సందులోంచి చూశాను. నీళ్ళతొట్టి దగ్గర కూర్చుని ఆడుకుంటోంది. గట్టు మీద అమ్మబొమ్మ. వెన్నెల్లో దాని కళ్ళు... చెవి దాకా సాగిన కొసలు... రంగు ఇంకా ఆరలా.

లక్ష్మీకాంత్ ఇంటి పక్క సందులోంచి వచ్చాడు. పడుకోవే అని గదమబోయి, బొమ్మని చూసి ఆగిపోయాడు. ఆ గీత వాడికీ తెలుసు.

చిన్ని తలెత్తింది. ఇన్నాళ్ళకి మాట్లాడింది. గుసగుసగా.

"నాన్నా... ఇప్పుడు నీ వంతు."

తొట్టిలోంచి చెయ్యి లేచింది. చేతికి పచ్చగాజులు. ఆ గాజులు సుస్మితకి నేను వేయించినవి... వాడి మెడ పట్టుకుంది. వాడు నా తలుపు వైపు చూశాడు.

"అత్తయ్యా..."

నేను కదల్లా. నెమ్మదిగా అన్నాను.

"కానియ్యవే, తల్లీ."

తపక్... అంతే. నీళ్ళు సద్దుమణిగాయి. నా కడుపు చల్లబడింది మేడంగారూ, అబద్ధం ఎందుకు.

అప్పుడు చిన్ని పిల్లబొమ్మని చేతిలోకి తీసుకుంది.

తలుపు నెట్టాను. రాలా. గడియ నా వైపే ఉంది... తీసే ఉంది... రాలా.

"వద్దే సుస్మితా... నే కానియ్యమంది వాడినొక్కడినేనే..."

నా కేకలకి ఇరుగుపొరుగు వచ్చి తలుపు బద్దలుకొట్టారు. తొట్టిలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. అడుగున మూడు బొమ్మలూ పక్కపక్కన పడుకుని ఉన్నాయి. మూడింటికీ కళ్ళున్నాయి.

తెల్లారేదాకా వెతికారు, లక్ష్మీకాంత్ లేడు. చిన్నీ లేదు.