బొగ్గు లేని ఊళ్లో ఇల్లు

ఇల్లు కొనేవాళ్లు నీళ్లున్నాయా, బస్సు ఆగుతుందా, దవాఖాన ఎంత దూరం అని అడుగుతారు. రాయమల్లు మాత్రం ఎక్కడికి వెళ్లినా ముందు ఒకటే అడిగేవాడు. కింద బొగ్గుందా?

ఉందంటే అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాడు. బ్రోకర్లకు ఈ మనిషి ఒక పట్టాన కొరుకుడు పడలేదు. గోదావరిఖని చుట్టుపక్కల లోకమంతా బొగ్గున్న చోటే ఇల్లు వెతుక్కుంటుంది. ఇవాళ కాకపోతే రేపు ఓపెన్‌కాస్ట్ గని వస్తుంది, భూమి పోతుంది, నష్టపరిహారం చేతికొస్తుంది. ఆ ఆశతో రేకుల షెడ్డుకు కూడా మేడ ధర చెబుతారు. బొగ్గు లేని నేల వైపు కన్నెత్తి చూసేవాడుండడు. రాయమల్లుకు కావలసింది సరిగ్గా ఆ నేలే. బ్లాస్టింగుకు గోడలు పగలకూడదు, ఎవరూ వచ్చి లేచిపొమ్మనకూడదు, తన తాహతుకు అందాలి.

ఆయన బాయి పనివాడు. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటారు. వయసులో ఉండగా కొన్నేళ్లు లోపల బొగ్గు ఎత్తాడు. ఆ తర్వాత ఉద్యోగమంతా బాయి నోటి దగ్గర బ్యాంక్స్‌మన్‌గానే గడిచింది. మనుషుల్ని కేజులోకి ఎక్కించి కిందికి పంపడం, షిఫ్టు అయ్యాక పైకి రప్పించడం ఆయన డ్యూటీ. ఇనుప బోను లాంటి ఆ కేజు ఆయన గంట కొట్టనిదే అంగుళం కదలదు. వచ్చే నెలతో ఆ డ్యూటీ అయిపోతుంది. వెంటనే కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యాలి.

ఆయన భార్య జమునకు ఇల్లంటే గోడలూ కప్పూ కాదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె బతుకంతా ఎదురుచూపుల్లోనే పోయింది. వేళ కాని వేళ సైరన్ మోగితే పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలేసి బాయి దగ్గరికి పరుగెత్తేది. ఆయన కిందికి దిగడం మానేసి పైన ఉండే పనికి మారినా ఆ భయం మాత్రం ఆమెను వదల్లేదు. సైరన్ వినపడని ఊళ్లో, పొద్దు గూకేసరికి మొగుడు కళ్లముందు కూర్చుని ఉండే ఇల్లు కావాలి ఆమెకు. ఆ మాట ఆమె నోరు తెరిచి ఒక్కసారీ అడగలేదు. అందుకే రాయమల్లుకు అది తీర్చి తీరాల్సిన పనై కూర్చుంది.

నస్పూర్‌లో ఆమె చెల్లెలు సంధ్యారాణి ఉంది. వచ్చి మా పక్కనే ఉండమని చెల్లెలు ఎంతో బతిమాలింది గానీ అక్కడా అదే దుమ్ము, అదే సైరన్. పెద్దపల్లిలో కొందామంటే, జిల్లా ఆఫీసులు వచ్చినప్పటి నుంచి ఆ ఊళ్లో ధరలకు పట్టపగ్గాలు లేవు. తిరిగి తిరిగి చెప్పులరిగాక ఉపేందర్ అనే కుర్ర బ్రోకర్ గుండ్లపేట పేరు చెప్పాడు.

"కింద అంత బండనే కాక. బొగ్గు లేదు, బాయి లేదు, ఎన్నడు ఎవ్వలు తవ్వలేదు. గందుకే అగ్గువకొస్తున్నది."

ఆ మాటతో రాయమల్లు ప్రాణం కుదుటపడింది.

శ్రావణమాసం. మధ్యాహ్నం భోజనాలు చేసి భార్యాభర్తలు షేర్ ఆటోలో గుండ్లపేటలో దిగారు. చిన్న ఊరు, కానీ ఊరు అనడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఒక బజారు, మందుల దుకాణం, కోడికూర కొట్టు, బస్సు కోసం నిలబడి బస్సును తిట్టుకునే జనం. ఇల్లు బజారుకు వెనక వీధిలో ఉంది. ఉపేందర్ తలుపు తీసి తాళం కప్ప రాయమల్లు చేతిలో పెట్టాడు. ఇంతలో ఫోనొచ్చింది.

"బస్టాండ్ల ఇంకో పార్టీ వచ్చింది కాక. మీరు నిమ్మళంగ చూస్తుండుండ్రి, జల్ది వస్త," అని బండెక్కి పోయాడు.

ఇల్లు బాగానే ఉంది. ముందు హాలు, పక్కన వంటగది, హాలుకు వెనక కిటికీ లేని చిన్న అర్ర. వింతగా ఉన్నదల్లా ఒక్కటే. హాలు మూలన నేలలోంచి నడుమెత్తున ఇనుప పైపు లేచి ఉంది. పాత బోరు. ఒకప్పుడు పెరట్లో ఉండేదట, ఇల్లు పెంచుకుంటూ పోయేసరికి హాల్లోకి వచ్చి కూర్చుంది. పైన ఒక మూత బిగించి వదిలేశారు.

జమున చెంగు నడుముకు దోపి వంటగదిని మూరలతో కొలిచింది. గ్యాసు ఎక్కడ, దేవుడి పటాలెక్కడ అన్నీ ఖాయం చేసుకుంది. పెళ్లినాటి పిల్ల మళ్లీ కనబడింది రాయమల్లుకు. ఆయనకు ఎంత సంతోషం వేసిందంటే, అది ముఖంలో కనబడకుండా పైపు పక్కనున్న గోడ వైపు తిరిగి సున్నం గోకుతూ నిలబడ్డాడు.

"ఈ అర్రల బియ్యం సంచులు వెట్టుకుందమయ్యా," అంటూ ఆమె వెనక గదిలోకి వెళ్లింది.

వాన ఒక్కసారిగా కుమ్మరించింది. కరెంటు పోయింది. పట్టపగలే హాల్లో మసక కమ్మింది. పెంకుల మీద వాన హోరు తప్ప ఇంకేమీ వినపడడం లేదు. ఆ హోరులో, ఇనుప పైపులోంచి, స్పష్టంగా...

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

రాయమల్లు చెయ్యి దానంతట అదే లేచింది. చేతిలోని తాళం కప్పతో పైపు మీద మూడు దెబ్బలు తిరిగి కొట్టింది.

కొట్టాక గానీ ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. బాయి దగ్గర మూడు గంటలంటే మనుషులు ఎక్కుతున్నారని. పైనున్నవాడు తిరిగి మూడు కొడితే, ఎక్కండి అని. వేలసార్లు ఇచ్చిన జవాబు అది, నిద్రలో లేపి అడిగినా ఇస్తాడు. కానీ అంతకు ముందు బ్యాంక్స్‌మన్ కేజులోకి తొంగి చూస్తాడు. ఎక్కినవాళ్లు ఎవరో కళ్లారా చూశాకే గంట ముట్టుకుంటాడు. ఆ ఒక్క పద్ధతీ రాయమల్లు తన సర్వీసులో తప్పలేదు. ఇప్పుడు తప్పాడు. ఇది బాయి కాదు, ఇల్లు కదా మరి.

పైపు మీద చెవి ఆనించబోతుండగా వెనక అర్ర తలుపు మూసుకుంది. గాలికి పడిన తలుపులా లేదు. ఎవరో నెమ్మదిగా, జాగ్రత్తగా వేసినట్టు మూసుకుంది.

"జమునా, తలుపెందుకేసినవే?"

"నేనెక్కడేసిన? నువ్వే ఏసినవనుకున్న."

వెళ్లి నెట్టాడు. కదల్లేదు. తలుపు సందులోంచి వాసన కొట్టింది. నానిన దుంగలు, మందుగుండు పొగ, గాలాడని చోట చాలామంది చెమట. ముక్కుకు అంత బాగా తెలిసిన వాసన ఇంకొకటి లేదు ఆయనకు. బాయి అడుగు వాసన అది. భుజం పెట్టి గట్టిగా తోశాడు.

"నూకకు," అంది జమున లోపలి నుంచి. గొంతు బాగా తగ్గింది. "ఇక్కడ జాగ లేదు."

"జాగ లేదేంది? ఖాళీ అర్ర గద."



"ఖాళీ లేదయ్యా... మస్తుమంది ఉన్నరు. దగ్గర దగ్గర నిలబడ్డరు. ఎవ్వలు మాట్లాడ్తలేరు."

 వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. వాన అవతల ఎదురింటి అరుగు కనబడుతోంది. పరుగెత్తుకెళ్లి ఎవరినైనా పిలవచ్చు, గడ్డపార అడిగి తెచ్చి తలుపు పగలగొట్టచ్చు. గడప దాకా వెళ్లాడు. అక్కడే...

ఠంగ్. ఠంగ్.

రెండు. రెండంటే కిందికి దింపమని.

ఆయన కాళ్లు గడప దాటలేదు. కేజులో మనుషులుండగా బ్యాంక్స్‌మన్ గంట వదిలిపెట్టి పోడు. పోతే, తర్వాతి గంటకు జవాబు చెప్పేదెవరు? తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి, కదల్లేక, రాయమల్లు ఏడ్చినంత పని చేశాడు.

నేల సన్నగా వణికింది. అర్ర లోపల ఎక్కడో ఇనుప తాడు జారుతున్న చప్పుడు మొదలైంది.

"చెవులు మూసుకపోయినయ్..." అంది జమున.

కేజు దిగేటప్పుడు చెవులు అట్లాగే మూసుకుపోతాయి. జమున తన జన్మలో కేజు ఎక్కలేదు.

"జమునా, కూసో. కింద కూసో."

"కూసునే జాగ లేదు..."

ఆ మాట తలుపు వెనక నుంచి రాలేదు. కింది నుంచి వచ్చింది. రాయమల్లు నేల మీద బోర్లా పడి తలుపు అడుగు సందుకు నోరు పెట్టి అరిచాడు. ఆమె గొంతు ఇంకా ఇంకా కిందికి పోయింది... సన్నబడింది... పెంకుల మీది వానలో కలిసిపోయింది.

లేచి పైపు దగ్గరికి ఉరికాడు. ఒక్క గంట కొట్టాలి. కేజు కదులుతుంటే ఒక్క గంటకు ఆగుతుంది. ఆగి ఉంటే అదే ఒక్క గంటకు పైకి లేస్తుంది. అరచెయ్యి పైపు మీద పెట్టాడు. పైపు జరజరా వణుకుతోంది. కదులుతోంది. తాళం కప్పతో ఒక్కటి కొట్టాడు.

వణుకు ఆగింది.

వాన కూడా ఆగినట్టనిపించింది. పైపు మూతను గోళ్లతో, పళ్లతో తిప్పి ఊడదీశాడు. ఆ నల్లటి రంధ్రంలోకి నోరు పెట్టి, "జమునా... జమునా..." అని పిలిచాడు.

చాలా లోతు నుంచి, మామూలుగా, కాస్త విసుగ్గా వచ్చింది ఆమె గొంతు.

"ఊకె పిలుస్తవేంది? నా చెయ్యి నీ చేతులనే ఉన్నది గద."

 చీకట్లో ఆమె చెయ్యి పట్టుకున్నదెవరు? ఆమె పక్కన నిలబడి ఆమెకు ధైర్యం చెబుతున్నదెవరు? పైకి తెస్తే ఆమెతో పాటు ఇంకెవరు వస్తారు?

ఆలోచిస్తూ కూర్చునే వ్యవధి లేదు, ఆమె అక్కడ, తను ఇక్కడ. ఒక్క దెబ్బ కొట్టాడు.

తాడు బిగిసింది. నేల మళ్లీ వణికింది. ఎంతసేపు పైకి వచ్చిందో, ఆ లోతెంతో. గోడకు వీపు ఆనించి, కళ్లు తలుపు మీద పెట్టి, తెలిసిన దేవుళ్లందరినీ వరసగా పిలుచుకున్నాడు. చివరికి చిన్న కుదుపు. కేజు పైమెట్టుకు ఆనినప్పటి కుదుపు.

తలుపు తెరుచుకుంది.

అర్ర ఖాళీగా ఉంది. మామూలు గచ్చు నేల, మామూలు గోడలు. మధ్యలో జమున ఒక్కతే నిలబడి ఉంది. చీరకు మరక లేదు, తల చెదరలేదు. వెలుతురు పడనట్టు కళ్లు చికిలించి చూస్తోంది. రాయమల్లు ఒక్క అంగలో వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె మర్యాదగా చెయ్యి వెనక్కి తీసుకుంది. పరాయి మగవాళ్ల ముందు చేసినట్టు చెంగు భుజం నిండా కప్పుకుంది.

"అన్నా," అంది. "నీకు పున్నెముంటది. మా ఆయన ఇంక కిందనే ఉన్నడు. నన్నొక్కదాన్నే ఎక్కిచ్చి ఆయన ఆగిండు. జర పైకి తియ్యరాదే."

"జమునా... నేనే. ఇటు చూడు. నేను రాయమల్లును."

చూసింది. బాయి దగ్గర డ్యూటీలో ఉన్న ఎవరినో చూసినట్టు, దయగా, తొందరగా చూసింది. తర్వాత ఆయన్ను దాటుకుని వచ్చి అర్ర గడప దగ్గర కింద కూర్చుని, లోపలి చీకటి వైపు ముఖం పెట్టుకుంది. ఏ ఎదురుచూపు తప్పించడానికి ఇన్ని ఊళ్లు తిరిగాడో, అదే ఎదురుచూపులో, ఆయన కళ్లముందే, ఆయన కోసమే కూర్చుంది.

"లెవ్వు పోదాం. ఈ ఇల్లు మనకొద్దు," అన్నాడు రాయమల్లు. ఆమె వెనకకు వచ్చి నిలబడ్డాడు.

"ఆయన రాకుంట ఎట్ల పోత అన్నా?"

బయట బండి ఆగింది. ఉపేందర్ తడిసిన తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమాయె చిన్నమ్మా, నచ్చిందా ఇల్లు?"

"నచ్చింది బిడ్డా," అంది జమున తల తిప్పకుండానే. "మా ఆయన పైకి రాంగనే రాయిచ్చుకుంటం. అప్పటిదాంక నేనీడనే ఉంట."

"కాక నీ వెనకనే ఉన్నడు గద," అని ఉపేందర్ నవ్వబోయాడు.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఖాళీ అర్రలోంచి ఒక గొంతు వచ్చింది. అలసిన గొంతు, షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మొగవాడి గొంతు. ఉపేందర్ అర్ర వైపు చూశాడు, తర్వాత మూసి ఉన్న రాయమల్లు పెదవుల వైపు చూశాడు. గొంతు రాయమల్లుదే.

"జమునా... గచ్చు మీద కూసోకు. సలి పెడ్తది."

"ఆఁ," అంది జమున, కాళ్ల కిందికి చీర సర్దుకుంటూ. "నువ్వు జల్ది రా."